పాతబట్టకు కొత్తజన్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



అన్నము, వస్త్రము, గృహము అను మూడింటిలో వస్త్రమునకొక విచిత్ర లక్షణము కలదు. అన్నము తిన్నంతనే తీరిపోవును. ఇల్లు తరతరములు నిలుచును. వస్త్రము మాత్రము ఒకచోట చిరిగినంతనే అంతయు చిరిగినదని అనిపించుకొనును. ఆరు గజముల చీరలో జానెడు చిరుగు పడినచో తక్కిన చీర చేసిన దోషమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

హైదరాబాదునకు పడమట మాదాపూరు కలదు. అచ్చట 1998 నవంబరులో సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమైనది. దాని చుట్టును హైటెక్ సిటీ పెరిగి, గచ్చిబౌలి, కొండాపూరు, నానకరామగూడల వరకు వ్యాపించినది. 2003లో సైబరాబాదు పేరుతో ప్రత్యేక పోలీసు కమిషనరేటు కూడ ఏర్పడినది. ఊరూర చదువుకొన్న పిల్లలు నేడు అచ్చటనే ఉద్యోగములు చేయుచున్నారు. పండుగకు వారు ఇంటికి వచ్చునపుడు తెచ్చు పెట్టెలలో సగము బట్టలే. అందు కొన్ని రెండుమూడుసార్లు తొడిగి విడిచినవి. అవి ఇంటి అటకపైకి చేరును.

ఆ మాదాపూరులోనే, అద్దాల మేడలకు ఎదురుగా, 1992లో నెలకొల్పిన శిల్పారామము కలదు. చేనేతవారు, కలంకారీవారు, అద్దకమువారు తమ సరకును అచ్చట అమ్ముదురు. 1995లో హైదరాబాదున నెలకొన్న జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ కూడ ఇప్పుడు మాదాపూరులోనే యున్నది. బట్టను కత్తిరించుట, కుట్టుట అచ్చట శాస్త్రముగా నేర్పుదురు. ఇక ప్రక్క సందులలో కాలిమిషను ముందు పెట్టుకొని, పొడుగు ప్యాంటును పొట్టి చేయుచు, జిప్పు మార్చుచు, బిగువైన చొక్కాను వదులు చేయుచు జీవించు దర్జీలున్నారు. కొత్తబట్ట కొనువారు, దానికి రూపము కల్పించువారు, పాతబట్టను బాగుచేయువారు ముగ్గురును ఒక్క పిలుపు దూరములో నున్నారు. కాని మువ్వురిలో మూడవవానికే మర్యాద తక్కువ. పాతబట్టను కుట్టించుకొనుట పేదరికమునకు గుర్తని లోకము తలచుటయే దీనికి హేతువు.

ఈ తలంపు న్యాయమైనదా? పెద్దల మాట చూతము. కుచేలుడు తన అటుకులను కట్టికొనిపోయినది చినిగిన గుడ్డలోనే. ద్వారకలో ఆ మూటను శ్రీకృష్ణుడే చేతులార విప్పెను గాని, గుడ్డ చినిగినదని తొలగిపోలేదు. బౌద్ధుల వినయపిటకమున ఒక కథ కలదు. కౌశాంబి రాజైన ఉదయనుని అంతఃపురస్త్రీలు ఆనందునకు ఐదువందల వస్త్రములు దానము చేసిరి. ఇన్ని బట్టలు సన్యాసికెందుకని రాజు ప్రశ్నించెను. జీర్ణవస్త్రములు గల భిక్షువులకు పంచెదనని ఆనందుడు చెప్పెను. మరి ఆ జీర్ణవస్త్రములో? వానిని పరుపులపై కప్పుదురు. కప్పులు పాతబడిన పరుపుల గలీబులగును. గలీబులు పాతబడిన నేలపై పరతురు. తరువాత కాళ్లు తుడుచుకొనుటకు, ఆ తరువాత దుమ్ము దులుపుటకు వాడుదురు. తుదకు ముక్కలుగా కొట్టి, మట్టిలో కలిపి నేలకు పూయుదురు. ఈ లెక్క విని రాజు సంతసించి మరికొన్ని వస్త్రములిచ్చెనట. ఒక పోగు కూడ వ్యర్థము కాని జమాఖర్చు ఇది.

పేదలే అతుకులు వేయుదురను మాటయు నిజము కాదు. హైదరాబాదు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానును ప్రపంచమున మిక్కిలి ధనవంతుడని 1937లో అమెరికా దేశపు టైం పత్రిక ముఖపత్రముపై ప్రకటించినది. ఆ ప్రభువు మాసిన పాతటోపీతో, అతుకుల దుస్తులతో కాలము గడిపెనని నేటికిని చెప్పుకొందురు. దానిని కొందరు పిసినితనమనిరి, కొందరు నిరాడంబరత యనిరి. ఏదియైనను, అతుకు వలన ఆయన దొరతనము తగ్గలేదు.

బట్ట కరవు వచ్చినపుడు దేశములు కూడ ఈ విద్యనే ఆశ్రయించినవి. ఇంగ్లండులో రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 జూను 1వ తేదీ నుండి బట్టలకు కూపనులు పెట్టిరి. ఆ పద్ధతి 1949 వరకు సాగినది. ఉన్నదానితో సరిపెట్టుకొని బాగుచేసికొనుడను అర్థము వచ్చు పేరుతో 1943లో ప్రభుత్వమే ఒక చిన్న పుస్తకము అచ్చువేసి ఇంటింటి స్త్రీలకు కుట్టుపని బోధించినది. మన దేశమునందును అదే సంవత్సరమున నూలుబట్టల నియంత్రణ ఉత్తర్వు వెలువడినది.

ఇక అసలు పనికి వత్తము. పాతబట్టను కొత్తగా కుట్టదలచినవారు మొదట ఏది ఎచ్చట అరుగునో తెలియవలెను. చీర నేలకు తగులు అంచున నలుగును. నడుమునకు చెక్కుకొను పై అంచు నిలిచియుండును. చొక్కా మెడపట్టి వద్ద, మోచేతుల వద్ద చెడును. వీపుభాగము గట్టిగా నుండును. ప్యాంటు కూర్చుండుచోట, మోకాళ్ల వద్ద చివుకును. మోకాలి క్రిందిభాగము కొత్తదానివలెనే యుండును. దుప్పటి నడుమ పలుచబడును గాని ప్రక్కలు చెడవు.

కావున బట్టను ఉతికి ఆరవేసి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. పలుచబడినచోట వెలుగు కనబడును. అచ్చట సుద్దతో గీత గీయవలెను. రెండుచేతుల బట్టి మెల్లగా లాగినపుడు పిగులు భాగమును విడిచిపెట్టవలెను. కుట్లను కత్తెరతో కోయరాదు. బ్లేడుతో ఒక్కొక్కటిగా విప్పినచో అంగుళమో, అరంగుళమో బట్ట మిగులును. తరువాత ఇస్త్రీచేసి, పడుగు నిలువుగా వచ్చునట్లు పరచి కత్తిరింపవలెను. పడుగు వంకరయైనచో ఉతికిన పిమ్మట బట్ట మెలికపడును.

ఆరేండ్ల బాలికకు ఒక నూలుచీర నుండి లంగా కుట్టుట చూతము. నడుము నుండి మడమ వరకు 24 అంగుళములు కావలెననుకొందము. చీర పై అంచు లంగాకు అడుగున వచ్చునట్లు 28 అంగుళముల వెడల్పున పట్టీ కత్తిరింపవలెను. బొందు దూర్చుటకు ఒక అంగుళము పోవును. మిగిలిన మూడంగుళములను అంచునకు పైన లోపలి మడతగా కుట్టవలెను. పిల్ల పెరిగినకొలది ఆ మడతను విప్పవచ్చును. రెండున్నర మీటర్ల పొడవు కుచ్చులకు చాలును. మిగిలిన చీరలో గట్టిగానున్న భాగము నుండి జాకెట్టు, రెండు దిండ్ల గలీబులు వచ్చును. తండ్రి చొక్కాను కొడుకునకు తగ్గించునపుడు బొత్తాముల పట్టీని చెడగొట్టక, దానినే నడుమ నుంచి ప్రక్కలు కత్తిరించినచో కాజాలు కుట్టు శ్రమ తప్పును. మెడపట్టి అరిగిన చొక్కాకు దానిని విప్పి, తిరుగవేసి కుట్టినచో మరి యొక సంవత్సరము నడచును. దుప్పటిని నడుమ నిలువుగా చీల్చి, గట్టి ప్రక్కలను నడుమకు తెచ్చి కలిపి, పలుచని భాగములను అంచులుగా మడిచినచో దాని ఆయుష్షు రెట్టింపగును. దేనికిని పనికిరాని ముక్కలు చేరి బొంతయగును. అతుకుల బొంత యని నిందార్థమున వాడుట వాడుకయేగాని, చలికాలపు రాత్రి ఆ నింద ఎవరికిని జ్ఞాపకము రాదు. లంబాడీ స్త్రీలు రంగురంగుల ముక్కలకు అద్దములు, గవ్వలు కూర్చి కుట్టిన పనిని నేడు నగరవాసులు ధరయిచ్చి కొనుచున్నారు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పాతబట్టకు ఉతకని కొత్తముక్క అతుకరాదు. కొత్తది ముడుచుకొని పాతదానిని ఇంకను చించునని బైబులునందు కూడ ఉపమానమున్నది. ముక్కను ముందే తడిపి ఆరవేసినచో ఈ కీడు లేదు. మడతలోనే యేండ్లతరబడి దాచిన పట్టుచీర ఆ మడతల వెంబడి పిగులును. అట్టిదానిని చూచి కత్తిరింపవలెను. పాలిస్టరు కలిసిన బట్ట చెమటను పీల్చదు, వేడికి కరుగును. కావున పసిపిల్లలకు, పొయ్యి దగ్గర వాడుకకు అది పనికిరాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. దానిని దాచుట ధర్మము కాదు. నగరములో దర్జీ కూలి, ఒక్కొక్కప్పుడు అంగడిలో వేలాడు చౌక గౌను ధరను మించును. అప్పుడు పాతచీరను కుట్టించుట లాభమా? కూలికిచ్చి కుట్టించినచో లాభము లేదనియే చెప్పవలెను. ఇంటిలో కుట్టువచ్చిన చేతులున్నప్పుడే, లేక నలుగురు కలిసి ఒక మిషను వాడుకొన్నప్పుడే ఈ లెక్క జమవైపు తేలును. మరియు, చౌక గౌను ధర దాని చీటీపై నున్నంతయే కాదు. ఒక నూలుచొక్కా వెనుక సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చగునని లెక్కకట్టినవారున్నారు. పత్తిచేనుకు నీరు పెట్టిన రైతునకు ఈ సంఖ్య అర్థము విడమరచి చెప్పనక్కరలేదు. నాలుగు ఉతుకులకే వెలిసిన గౌను, ఆ నీటిని, ఆ చెమటను చెత్తకుప్పకు చేర్చును.

మరి యొక సంగతి. మేడలలో పనిచేయు స్త్రీలకు యజమానురాండ్రు పాతబట్టలిచ్చుట వాడుక. ఇచ్చుట మంచిదే. కాని చిరిగినదానిని, మాసినదానిని ఇచ్చి పుణ్యము మూటకట్టుకొంటిమనుకొనుట తగదు. ఉతికి, బొత్తాము కుట్టి, మడిచి ఇచ్చినదే దానము. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ ఈ విషయమున ఒక మార్గము చూపినది. నగరముల పాతబట్టలను చేర్చి, శుభ్రముచేసి, పల్లెలకు పంపును. ఆ పల్లెవారు తమ బావిని, బాటను తామే బాగుచేసికొందురు. ఆ పనికి ప్రతిఫలముగా బట్టలు పుచ్చుకొందురు. చేయిచాచి తీసికొన్న బట్టకును, పనిచేసి సంపాదించిన బట్టకును గల భేదము కట్టుకొన్నవారికే తెలియును. ఈ సేవకు ఆయనకు 2015లో మెగసెసే బహుమానము లభించినది.

పిల్లలు సిగ్గుపడుదురని తల్లులు జంకుదురు. ఆ తల్లులు ఒకటి తలచుకొనవలెను. బిడ్డ భూమిపై పడినంతనే మన ఇండ్లలో మొదట చుట్టునది కొత్తబట్ట కాదు. తాత పంచెయో, అమ్మమ్మ చీరయో, గంజి వదలి మెత్తబడిన పాతగుడ్డయే. జీవితములో తొలి గౌరవము పాతబట్టదే. బడికి పోవు బాలిక తొడిగిన లంగా నాయనమ్మ పెండ్లినాటి చీరది యని ఇంటివారు గర్వముతో చెప్పినచో, ఆ పిల్లయు గర్వముతోనే చెప్పును. ఇంటివారు గుసగుసలాడినచో పిల్ల తల వంచుకొనును. సిగ్గు బట్టలో లేదు, చెప్పు తీరులో ఉన్నది.

ఇంతకును గ్రంథాలయ సభలో గుడ్డల ముచ్చట యేల యని ఎవరైన అడుగవచ్చును. కొయ్యగుజ్జుతో కాగితము చేయు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున వ్యాపించువరకు, పాశ్చాత్యదేశములలో కాగితమును చింకిగుడ్డలతోనే చేసెడివారు. నేటికిని ఈ దేశపు కరెన్సీ నోటులో నున్నది నూలు నారయే. తొడిగి, అరిగి, చిరిగిన బట్టయే ఒకనాడు గ్రంథమై విద్వాంసుల చేతులకెక్కినది. చిరిగిన చొక్కా తొడిగియైనను మంచి పుస్తకము కొనవలెనను భావము కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేర లోకమున ప్రచారములో నున్నది. ఆ చొక్కాను కుట్టుకొనుట కూడ నేర్చినచో పుస్తకమును దక్కును, చొక్కాయును దక్కును.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున అట్టలూడిన పుస్తకములు అనేకములు కలవు. వానికి వెన్నుపట్టీలు వేయుటకు ఉతికిన పాతనూలుగుడ్డ మేలైనది. ప్రక్కనున్న ఖాళీ గదిలో దాతలెవరైన ఒక కుట్టుమిషను నుంచినచో, వారమునకు రెండు సాయంకాలములు ఊరి స్త్రీలు అటకలపైని బట్టలు తెచ్చి కుట్టుకొనవచ్చును. కుట్టుచున్నవారికి ఒకరు పుస్తకము చదివి వినిపింపవచ్చును. చేతికి పని, చెవికి చదువు, ఇంటికి ఆదా. రాబోవు ఇరువదియైదేండ్ల లెక్కలో ఈ పద్దు జమ కావలెను.