నడకకు అరగంట - అడిగి తీసుకుందాం



బి.పి. ఉన్న ఆడవాళ్లని రోజూ నడవమంటే "పొద్దున్నించీ ఇంట్లో తిరుగుతూనే ఉన్నాం కదా" అంటారు. ఆ చాకిరీ తక్కువదేం కాదు. కానీ ఆగి ఆగి, వంగి వంగి చేసే పని వేరు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంగా ఆగకుండా నడవడం వేరు. అలా రోజుకి అరగంట, వారానికి 5 రోజులు నడిస్తే కొన్ని వారాల్లో రక్తనాళాలు సడలి, బి.పి.లో పై అంకె 5 నుంచి 8 దాకా తగ్గవచ్చు. అలాగని డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకూడదు. 180/110 దాటితే ముందు వైద్యం, తర్వాతే నడక. నడుస్తుండగా గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి వైద్యసాయం తీసుకోవాలి.

ఈ మందుకి డబ్బు అక్కర్లేదు. సమయం, భద్రత కావాలి. ఆడవాళ్లకి దొరకనివి ఆ రెండే. దీపం వెలగని వీధిలో, వెకిలి మాటల మధ్య ఎవరు నడుస్తారు? పొయ్యి దగ్గర్నించి అరగంట ఎవరు వదులుతారు?

అందుకే సంఘం సమావేశంలో బి.పి. చూసి ఊరుకోవద్దు. నలుగురూ కలిసి నడవండి. వీధి దీపాల కోసం పంచాయతీని నిలదీయండి. ఆ అరగంట వంటపని ఇంట్లో మగవాళ్లకి అప్పజెప్పండి.