ఉండుకమును తీయవలయునా?



నాలుగేండ్ల మనుమని వెంటబెట్టుకొని ఒక తాతగారు నాయొద్దకు వచ్చిరి. బిడ్డకు నీళ్లు పోయుచుండగా కడుపులో ఎడమప్రక్క గట్టిగా నేదో తల్లి చేతికి తగిలినదట. నొప్పి లేదు, జ్వరము లేదు. పరీక్షింపగా మూత్రపిండమున పెరిగిన గడ్డ యని తేలెను. 1899లో దీనినిగూర్చి గ్రంథము వ్రాసిన జర్మను శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ పేర దీనిని విల్మ్స్ గడ్డ యందురు. ఇది పసిపిల్లల క్యాన్సరు. పేరు విని ధైర్యము విడువనక్కరలేదు. సకాలమున శస్త్రమును మందులును జరిగిన పిల్లలలో పెక్కురు నేడు కోలుకొనుచున్నారు. ఇంటివారు మాత్రము గడ్డను పలుమారు నొక్కి చూడరాదు. అది చిట్లినచో వ్యాధి కడుపంతయు వ్యాపింపగలదు.

శస్త్రమునకు ముందునాడు తాతగా రొక మాట యడిగిరి. "డాక్టరు బాబూ, ఎటులైనను పొట్ట కోయుచున్నారు గదా! ఆ ఇరువదినాలుగు గంటల నొప్పి తెచ్చు ప్రేగును గూడ తీసివేయరాదా? పిల్లవానికి మరల కోత తప్పును."

పెద్దప్రేగు మొదట చిన్న తోకవలె వ్రేలాడు ఆ ప్రేగునే ఉండుకమందుము. తాతగారి ప్రశ్న తెలివితక్కువది కాదు. గొప్ప శస్త్రవైద్యులే కొంద రటుల తీసియున్నారు. వారి హేతు విది: గడ్డ తీసిన పిదప నెలల తరబడి వింక్రిస్టీను, డాక్టినోమైసిను అను మందు లిత్తుము. ఆ దినములలో రక్తమందలి తెల్లకణములు తగ్గవచ్చును. అప్పుడు కడుపునొప్పి వచ్చినచో, అది ఉండుకపు వాపో, పెద్దప్రేగు మొదటి వాపో, మందు తెచ్చిన మలబద్ధమో తేల్చుట కష్టము. ఉండుకమే లేకున్న ఒక అనుమానము తగ్గును.

అయినను నేను తీయననియే చెప్పితిని. మూత్రపిండమును తీయునప్పుడు ప్రేగును తెరువము. ఉండుకమును కోసితిమా, ప్రేగులోని సూక్ష్మజీవులకు వాకిలి తీసినట్లే. కోత చీముపట్టినచో తరువాతి మందులు ఆలస్యమగును. క్యాన్సరున కా వ్యవధి ఈయరాదు. పెద్దప్రేగు వాపన్ననో, ఉండుకము లేనివారికిని రావచ్చును. మరియు, 1980లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు మిత్రోఫనాఫ్, సహజముగ మూత్రము పోని పిల్లలకు ఉండుకముతోనే మూత్రాశయమునుండి పొట్టమీదికి దారి యేర్పరచు పద్ధతిని ప్రకటించెను. అట్టి అవసరము నూటికో కోటికో గాని రాదు గాని, వచ్చిననాడు పారవేసిన ఉండుకమును ఎచటినుండి తెత్తుము? అది వాచియున్నను, గడ్డ దాని నంటియున్నను తీయవలసినదే; ఆ మాట వేరు.

తాతగారు సగము మనస్సుతో నొప్పుకొనిరి. శస్త్రము బాగుగనే జరిగెను. రెండవ నెలలో ఒకరాత్రి బాలునకు కడుపునొప్పి వచ్చెను. తాతగారు నా మొగము వంక చూచిరి, ఏమియు ననలేదు. అనియున్న బాగుండెడిదేమో! రక్తము పరీక్షించి, అల్ట్రాసౌండు తీయించి, తెల్లవారువరకు గంట కొకమారు ఆ పొట్టమీద చేయి వైచి చూచితిని. ఉండుకము చక్కగనే యున్నది. వింక్రిస్టీను తెచ్చిన మలబద్ధమది. ప్రొద్దుననే విరేచనమైన పిదప బాలుడు ఇడ్డెన కావలెననెను.