ఆడపిల్ల కదా! మగపిల్లాడు కదా!
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం ‘జెండర్, మూస భావనలు – సమాజశాస్త్ర దృష్టి’. పేరు విని కాలేజీ పాఠం మొదలవుతుందేమోనని కంగారు పడకండి. బి.ఎడ్.లో నేనూ దీన్ని పరీక్ష కోసమే చదివాను. ఆ తరువాత ఎన్నో ఏళ్లు సాంఘికశాస్త్రం బోధించాను. అయినా ఈ పాఠం నాకు అర్థమైంది ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి వల్ల.

ఒకరోజు ఉదయం ఎప్పటిలాగే ఆడపిల్లల్ని తరగతి ఊడ్వమని, మగపిల్లల్ని పక్క గదిలోంచి బెంచీలు మోసుకురమ్మని చెప్పాను. ఒక అమ్మాయి లేచి, “సార్, బెంచీ నేను తెస్తాను, వాణ్ణి ఊడ్వమనండి. మా ఇంట్లో నీళ్ల బిందెలు, బియ్యం మూట మోసేది నేనే” అంది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి, “ఆడపిల్లవి కదమ్మా, నీకెందుకు?” అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా చీపురు తీసుకుంది.

తరువాత ఆలోచిస్తే సిగ్గనిపించింది. నా తరగతిలో లీడరు ఎప్పుడూ అబ్బాయే. అతిథులు వస్తే టీ అందించేది ఎప్పుడూ అమ్మాయిలే. అలా చేయమని ఏ అధికారీ నాకు ఉత్తర్వు ఇవ్వలేదు. నేను చిన్నప్పటి నుంచి చూసినదే నా చేత్తో జరిగిపోతోంది. సమాజశాస్త్రంలో దీన్ని సాంఘికీకరణ అంటారు. పిల్లలు మన మాటలకంటే మన అలవాట్లనే ఎక్కువగా నేర్చుకుంటారు.

పుట్టుకతో శరీరంలో ఉండే తేడా ఒకటి. ‘ఆడవాళ్లు ఇలా ఉండాలి, మగవాళ్లు ఇలా ఉండాలి’ అని సమాజం నేర్పే తేడా మరొకటి. ఈ రెండో దాన్నే జెండర్ అంటారు. ఆన్ ఓక్లీ అనే బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త 1972లో రాసిన పుస్తకంలో ఈ రెండింటినీ విడదీసి వివరించారు. అంతకుముందే, 1935లో, మార్గరెట్ మీడ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త న్యూగినియాలోని మూడు తెగల గురించి రాశారు. మనం ‘ఆడ స్వభావం’, ‘మగ స్వభావం’ అనుకునేవి ఆ మూడు తెగల్లో మూడు రకాలుగా కనిపించాయని ఆమె చెప్పారు. ఆమె పరిశీలనల మీద తరువాత పండితులు చాలా వాదించుకున్నారు. కానీ ఆమె వేసిన ప్రశ్న మాత్రం నిలిచింది: స్వభావం అంటున్నదానిలో పుట్టుక ఎంత, పెంపకం ఎంత?

అంత దూరం ఎందుకు, మన వీధిలోనే చూడండి. ఇంట్లో వంట ఆడవాళ్ల పని అంటాం. వలీమాకు దేగీలు ఎక్కించే బావర్చీ మాత్రం మగవాడు. ఇంట్లో కుట్టు మిషన్ అమ్మీది. బజారులో దుకాణం పెట్టిన టైలర్ మాస్టర్ ఎక్కువగా మగవాడే. పని ఒకటే. కూలి ముట్టేచోట అది మగవాడి వృత్తి అయింది, కూలి లేనిచోట ఆడవాళ్ల స్వభావం అయింది. శరీరంలోని తేడా అల్లాహ్ సృష్టి. ఈ పనుల పంపకం మనం చేసుకున్నది. మనం చేసినదాన్ని కూడా సృష్టి ఖాతాలో రాసేస్తున్నాం.

దీనివల్ల నష్టపోయేది ఆడపిల్లలు మాత్రమే అనుకునేవాణ్ణి. ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. పేర్లు చెప్పను.

ఒక అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇంటర్ కాలేజీ బస్సెక్కి వెళ్లాల్సినంత దూరం. తోపుడు బండి మీద పండ్లు అమ్మే ఆమె అబ్బా, “ఆడపిల్ల కదా సార్, ఒక్కతే ఎలా పంపను?” అన్నారు. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. చదువు గొప్పతనం గురించి చాలా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు, ఒప్పుకోలేదు. చివరికి పక్క వీధిలో ఇంకో ఇద్దరు అమ్మాయిలు అదే కాలేజీలో చేరుతున్నారని తెలిసింది. ముగ్గురూ ఒకే బస్సులో వెళ్లి రావచ్చనేసరికి ఆయనే వచ్చి ఫీజు ఎంతని అడిగారు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు. నా ఉపన్యాసం చేయలేని పని ఇద్దరు స్నేహితురాళ్లు, ఒక బస్ పాస్ చేశాయి.

అదే ఏడాది తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు బడి మానేశాడు. లెక్కల్లో చురుకైనవాడు. మెకానిక్ షెడ్డులో చేరాడు. వాళ్ల అమ్మీ బజారులో కనిపించి, “మగపిల్లాడు కదా సార్, చేతికి పని వస్తుంది” అంది. నేను తల ఊపి వచ్చేశాను. ఏడెనిమిదేళ్ల తరువాత నా స్కూటర్ ఆ షెడ్డుకే తీసుకెళ్లాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి సలాం చేశాడు. డబ్బు తీసుకోలేదు. వెళ్లబోతుంటే, “ఆపా వాళ్లింటికి రెండుసార్లు వెళ్లారంట కదా సార్. మా ఇంటికి ఎందుకు రాలేదు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఈరోజుకీ లేదు.

అమ్మాయి బడి మానితే ‘గౌరవం’ అన్నాం. అబ్బాయి మానితే ‘సంపాదన’ అన్నాం. మాట ఏదైనా బడిలో బెంచీ ఖాళీ అయింది. మగపిల్లాడు ఏడవకూడదు, అలసిపోయానని చెప్పకూడదు, ఇంటి అప్పు వాడే మోయాలి. ఇదీ ఒక మూసే.

చట్టం కూడా ఇక్కడే చేయి వదిలేస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ఉచిత నిర్బంధ విద్యను 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే హామీ ఇచ్చింది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినా, 14 నిండినవారిని ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చు. అంటే తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర మన పిల్లలు ఒంటరిగా నిలబడతారు. ఈ సొసైటీ ఉండాల్సింది ఆ గుమ్మం దగ్గరే.

మన మీద బయటివాళ్లు వేసిన మూసలూ ఉన్నాయి. ‘ముస్లింలు పిల్లల్ని మదర్సాలకే పంపుతారు, ఆడపిల్లల్ని చదివించరు’ అంటారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది నూటికి ముగ్గురే. చదువు మీద అయిష్టం కంటే పేదరికం, దగ్గరలో మంచి బడులు, ముఖ్యంగా ఆడపిల్లల బడులు లేకపోవడమే పెద్ద అడ్డంకులని ఆ నివేదిక చూపింది. పండ్ల బండి నడిపే ఆ తండ్రి నాకు చెప్పిందీ అదే.

మన దీన్‌లోకి చూసినా ఈ మూసలకు ఆధారం దొరకదు. హజ్రత్ ఖదీజా (ర) వ్యాపారం నడిపారు. హజ్రత్ ఆయిషా (ర) రెండు వేలకు పైగా హదీసులు ఉల్లేఖించారు. సహాబాలు ఆమె దగ్గరకు వచ్చి సందేహాలు తీర్చుకునేవారు. ప్రవక్త (స) ఇంటి పనుల్లో సాయం చేసేవారని, తన చెప్పులు తానే కుట్టుకునేవారని హదీసుల్లో చదువుతాం. మన కాలంలో చూస్తే, 1989లో సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయిన ఫాతిమా బీవీ కేరళ ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఆమెను లా చదవమని ప్రోత్సహించింది ఆమె తండ్రే.

ఇంకొక మాట. తరగతిలో ఒక అబ్బాయి నడక, మాట తీరు కాస్త సున్నితంగా ఉంటే ‘ఆడంగి’ అని ఏడిపిస్తారు. ఆ మాటకే బడి మానేసిన పిల్లలున్నారు. స్త్రీ అనో పురుషుడనో తేల్చలేని శరీరంతో పుట్టినవారిని ‘ఖున్సా’ అని పిలిచి, వారి వారసత్వ హక్కులను మన ఫిఖ్‌హ్ గ్రంథాలు చర్చించాయి. హిజ్రాలను తృతీయ జెండర్‌గా సుప్రీంకోర్టు 2014లో గుర్తించింది. ఏ బిడ్డనైనా ఎగతాళి చేసే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు. ఎదిగే వయసులో పిల్లలకు శరీరం గురించి, మనసులో కలిగే ఆకర్షణల గురించి వచ్చే సందేహాలకు కూడా మన దగ్గర జవాబు ఉండాలి. మనం నోరు మూసుకుంటే వాళ్ల చేతిలోని సెల్‌ఫోన్ జవాబిస్తుంది. ఆ జవాబు ఎలాంటిదో మీకు తెలుసు.

దాతలకు నా విన్నపాలు నాలుగు.

ఒకటి: ఆడపిల్లకు కుట్టు మిషన్, మగపిల్లాడికి తోపుడు బండి అని ముందే రాసిపెట్టుకోవద్దు. ఏం కావాలో పిల్లల్నే అడుగుదాం.

రెండు: ఇంటర్ చదివే అమ్మాయిలకు ఫీజుతోపాటు బస్ పాస్ కూడా ఇద్దాం. ఒకే దారిలో వెళ్లేవాళ్లను జట్టుగా కలుపుదాం.

మూడు: ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏ అబ్బాయి వారం రోజులు బడికి రాకపోయినా ఆ ఇంటికి మన మనిషి వెళ్లాలి. వాడి చిన్న సంపాదన మీద ఇల్లు నడుస్తుంటే, పదో తరగతి పూర్తయ్యేదాకా ఆ ఇంటికి నెలనెలా సాయం అందాలి.

నాలుగు: ఏడాదికి రెండుసార్లయినా అమ్మాయిలతో ఒక లేడీ డాక్టర్, అబ్బాయిలతో ఒక డాక్టర్ కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేద్దాం.

మూడో విన్నపానికి మనిషి కోసం వెతకనక్కరలేదు. నా పేరు రాసుకోండి. సాయంత్రాలు నేను వెళతాను. ఒక ఇంటికి వెళ్లని అప్పు నా మీద ఉంది.

మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన విద్యను, మనకు మంచి చేసే తౌఫీఖ్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.