‘లెఫ్టినెంట్’: ఒక మాట, ఒక బాధ్యత



అండమాన్ రాజధానిలో గోల్ ఘర్ అనే పేట ఉంది. ‘గుండ్రని ఇల్లు’ అని ఆ హిందీ పేరుకు అర్థం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. వారికి గోల్ ఘర్ పరాయి పేరుగా తోచదు. అయితే ఆ నగరంలో నిత్యం వినవచ్చే మరొక పరభాషా పదం అంతరార్థం అంత సులువుగా స్ఫురించదు. అదే ‘లెఫ్టినెంట్’.

ఈ పదానికి పుట్టినిల్లు ఫ్రెంచి భాష. అందులో ‘లియు’ అనగా చోటు. ‘తెనాఁ’ అనగా పట్టి ఉన్నవాడు. వెరసి, మరొకరి స్థానంలో నిలిచి వారి కార్యాన్ని నిర్వహించేవాడని అర్థం. సైన్యంలో కెప్టెన్‌కు బదులుగా నిలిచే అధికారికి ఇది బిరుదనామమైంది.

1789లో ఇక్కడ ఆంగ్లేయుల వలసను నెలకొల్పిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ నౌకాదళ లెఫ్టినెంటే. అతని పేరిట ఏర్పడిన పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైంది. చీఫ్ కమిషనర్ల పాలనలో ఉన్న ఈ దీవులకు 1982లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవి ఏర్పడింది. ‘గవర్నర్’ పదానికి మూలం గ్రీకు భాషలో ఓడను నడుపుట. సముద్రమధ్యంలోని దీవులకు ఇంతకంటె తగిన మాట ఏముంటుంది?

హిందీలో ఈ పదవిని ‘ఉపరాజ్యపాల్’ అంటారు. అందులోని ‘ఉప’ హోదాలోని తారతమ్యాన్ని తెలుపుతుంది. ‘లెఫ్టినెంట్’ అప్పగింతను తెలుపుతుంది. రాజ్యాంగం 239వ అధికరణం చెప్పేదీ అదే: కేంద్రపాలిత ప్రాంతాన్ని రాష్ట్రపతి తాను నియమించిన పాలకుని ద్వారా పాలిస్తారు. తెలుగువారి యానాం చేరి ఉన్న పుదుచ్చేరికి శాసనసభ ఉంది, అండమాన్‌కు లేదు. కనుక ఇక్కడ ఆ అప్పగింత మరింత బరువైనది.

ఈ భావం మనకు కొత్తది కాదు. పాదుకలను సింహాసనంపై నిలిపి, నందిగ్రామం నుండి రాజ్యభారం వహించిన భరతుడు అన్నగారి స్థానాన్ని కాపాడాడే కాని తనదిగా భావించలేదు. ప్రజాస్వామ్యంలో ఆ సింహాసనం ప్రజలది. తరగతి నాయకుడు మొదలు దీవుల పాలకుని వరకు అధికారం చేపట్టిన ప్రతివారూ ఒకరి చోటును పట్టి ఉన్నవారే. ఆ చోటు ఎవరిదో మరువకుండుటే అధికారానికి శోభ.