చూపుకు ఒకటే, మర వేరు



మనలో కొందరి ఇళ్ళలో అంబాసిడరు కారు ఇంకా ఉన్నది. 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయింది గనుక ఉన్నదాన్ని కాపాడుకోవలసింది మనమే.

పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనుకు అంగుళాల బోల్టులు. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజనుకు మిల్లీమీటర్ల బోల్టులు. ఇంజను మార్పించిన బండిలో ఈ రెండూ కలిసిపోతాయి. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, రెండోది 8. చూపుకు కవలలే! కాని సన్నమర బోల్టుకు అంగుళానికి 24 చుట్లుంటే, రెండోదానికి ఇరవయ్యే. ఒకటి రెండు చుట్లకే బిగుసుకుంటే పానాతో బలవంతం చేయనీయకండి, మర చెడుతుంది. సరైన బోల్టు చేతివేళ్ళతోనే దిగుతుంది.

ఇక ఆయిల్ ఛాంబరు. ఇంజను దించే ముందు కింది అడ్డ బీము మీద మెత్తని మైనం ముద్ద పెట్టించండి. దించి, మళ్ళీ ఎత్తి చూస్తే, నలిగిన ముద్ద మందమే అక్కడి ఖాళీ. ఇంజను రబ్బర్ల మీద ఊగుతుంది గనుక అరంగుళమైనా ఉంటే మేలు. చాలకపోతే ఛాంబరును సుత్తితో సొట్ట పెట్టనీయకండి, ఆయిలు పీల్చే జల్లెడ లోపలే ఉంటుంది. ముందు కుంగిన ఫౌండేషన్ రబ్బర్లు మార్పించండి.

ఛాంబరుకు చిల్లిపడి ఆయిలు కారిపోతే ఇంజను పట్టేస్తుంది. ఆ ఖర్చు పెన్షనుకు అందదు. మెకానిక్కుకు తొందర ఉండవచ్చు, మనకు తీరిక ఉన్నది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుందాం.