అరుగుల ఆటలు - ఇంటివంట

వేసవి వచ్చినదనిన పరవాడ ప్రాంతమున ముంజలు తినివేసిన తాటికాయలు పిల్లలకు బండిచక్రములగును. రెండు కాయలు, వాని నడుమ ఇరుసుగా ఒక పుల్ల, తోలుటకు ఒక పంగలకర్ర - బండి సిద్ధము. చక్రము ఒరిగినచో కాయ మార్చుదురు. బండి తిన్నగా సాగనిచో కర్ర మార్చుదురు. ఈ బండిని చేసినవాడు, తోలువాడు, బాగుచేయువాడు ఒక్కడే. అదే పిల్లవాని చేతికి నేడు సెల్‌ఫోను వచ్చినది. అందులోని ఆటకు ఇరుసు ఎచ్చటనున్నదో వానికి తెలియదు. తెలిసికొనుటకు దారియు లేదు. ఆట కట్టినవారు పెట్టిన నియమమును పాటింపవలెను. నడుమ నిలిపి డబ్బు అడిగినచో ఇచ్చి ముందుకు పోవలెను, లేదా మానుకొనవలెను. ఇట్టి ఆటలే కాక మరియొక తెగ ఆటలు కూడ లోకమున కలవు. ఔత్సాహికులు తమ యిండ్లలో కూర్చుండి తయారుచేయునవి, చేతిలో ఇమిడెడు చిన్న యంత్రములపై ఆడదగినవి, ఆడువాడు విప్పి తన యిష్టానుసారము మార్చుకొనదగినవి. వానియందలి ఆకర్షణ యెట్టిదో శ్రోతలతో కొంత ముచ్చటింతుము.

ముందు పేర్ల సంగతి. ఆంగ్లమున వీనిని ప్లాట్‌ఫారం ఆటలందురు. ఆ మాట విన్నంతనే మనవారికి రైలుస్టేషను తోచును గాని, ఇక్కడ దాని అర్థము అరుగు. తెరపై ఒక బొమ్మమనిషి యుండును. అతడు ఒక అరుగు నుండి మరియొక అరుగునకు గెంతుచు, నడుమనున్న గోతులను, ముండ్లను తప్పించుకొనుచు ఆవలి గట్టు చేరవలెను. కావున అరుగుల ఆట అన్నచో చాలును. ఇక ఇంటిలో తయారైన వానికి హోంబ్రూ అని పేరు. ఇంట కాచుకొన్న మద్యమని దాని మూలార్థము. మనకు ఆ ఉపమానముతో పనిలేదు, ఇంటివంట అనుకొందము. వంటలో ఉప్పుకారములు వండువాని చేతిలో నుండును గదా!

ఈ ఆటలో ఉప్పుకారములు గెంతులో నున్నవి. తెర సెకనుకు సుమారు 60 మారులు క్రొత్తగా గీయబడును. ప్రతి మారును యంత్రము బొమ్మ వేగమును దాని స్థానమునకు కలుపును. పిదప ఆ వేగము నుండి భూమ్యాకర్షణకై పెట్టిన ఒక అంకెను తీసివేయును. గెంతు మీట నొక్కినపుడు పైకి పోవు వేగము 4 చుక్కలనియు, ఆకర్షణకు పెట్టిన అంకె 0.2 అనియు అనుకొందము. 20 మారులలో వేగము సున్న యగును. అప్పటికి బొమ్మ సుమారు 40 చుక్కలు పైకి లేచియుండును. ఇప్పుడు 0.2ను 0.1 చేయుదము. లేచు ఎత్తు సుమారు 80 చుక్కలగును. గాలిలో తేలియుండు కాలమును రెండింతలగును. ఒక్క అంకెతో ఆట రుచి మారిపోయినది. దాటరాని గోయి సులభమైనది. ఇంతవరకు ఎవరును లెక్కచేయని పైకప్పు ముల్లు ఇప్పుడు తలకు తగులుచున్నది. ఉన్నత పాఠశాలలో కంఠస్థము చేసిన చలన సూత్రము ఇక్కడ కాలుజారి గోతిలో పడుటగా అనుభవమునకు వచ్చును.

నేర్పరులైన వంటవారు మరియొక రహస్యమును పాటింతురు. బొమ్మ అరుగు అంచు దాటి గాలిలో అడుగుపెట్టిన పిదప కూడ సెకనులో అల్పభాగము వరకు గెంతు మీట పనిచేయునట్లు చేయుదురు. ఇది భౌతికశాస్త్రమునకు విరుద్ధమే. ఐనను ఆ మాత్రపు దయ లేనిచో, తాను సమయమునకే నొక్కితినని ఆడువాడు యంత్రముపై కోపగించుకొనును. ఇట్టి ధర్మసూక్ష్మములు వట్టి ఆటగానికి తెలియవు. ఆటను విప్పి, ఆ పంక్తిని తొలగించి, మరల ఆడి చూచినవానికి తెలియును.

ఇక ఆటలోని లోకము గళ్లకాగితము వంటిది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె యుండును: సున్న యనగా శూన్యము, ఒకటి అరుగు, రెండు ముల్లు. చుక్కలు లెక్కించి ముగ్గు వేయు మన ఆడపడుచులకు ఈ విద్య క్రొత్తది కాదు. అంకెలు మార్చినచో దారులు మారును. గడిలోని బొమ్మ తిరిగి గీసినచో రూపు మారును. ఎక్కడో గీయబడిన కోటగోడలకు మారుగా పరవాడ చెరువుగట్టును, తాటిచెట్లను, సింహాద్రి విద్యుత్కేంద్రపు శీతలీకరణ గోపురములను, ముత్యాలమ్మపాలెము ఒడ్డున నిలిపిన పడవలను పెట్టవచ్చును. అంతమాత్రమున ఆట గొప్పది కాజాలదు. తాటిచెట్టు ఎక్కడ నిలిచినచో గెంతుటకు అడ్డమగునో ఆలోచించినప్పుడే గొప్పదగును. కాని తన యూరు తెరపై కదలుట చూచిన కుర్రవాడు ఆ ఆలోచనలోనికి తనంతట తానే దిగును.

ఇట్టి పనికి చిన్న యంత్రమే ఏల కావలెనను ప్రశ్న కలదు. 1989లో జపానులోని నింటెండో సంస్థ గేమ్ బాయ్ అను చేతియంత్రమును విడుదల చేసినది. గున్‌పెయ్ యొకొయ్ అను ఇంజనీరు దాని రూపకల్పనకు ముఖ్యుడు. బాగుగా పాతబడి చవుకైన సాంకేతికమును క్రొత్త ప్రయోజనమునకు త్రిప్పవలెనని ఆయన సిద్ధాంతము. రంగుల తెర గల పోటీయంత్రములు అదే కాలమున వచ్చుచుండగా గేమ్ బాయ్‌కు నాలుగే ఛాయలు. అడ్డముగా 160 చుక్కలు, నిలువుగా 144. బొమ్మలన్నియు ఎనిమిది చుక్కల చదరపు పలకలతో కూర్పవలెను. చిత్రములకై కేటాయించిన స్మృతిలో ఒక్కమారుగా 384 పలకలకు మించి నిలువవు. నేటి ఇంజనీరునకు ఇది కటిక పేదరికము. ఇంటివంట వండువానికి ఇదియే వరము. నాలుగు ఛాయలతో, ఎనిమిది చుక్కల వెడల్పున చెట్టు గీయుటకు రవివర్మ కానక్కరలేదు. నేటి పెద్ద ఆటలకు వందలకొలది జనము ఏండ్ల తరబడి పనిచేయుదురు. చిన్నదానిని ఒక్కడు సెలవులలో ముగింపగలడు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడుకర్రను చెక్కి, లక్కపూసి బొమ్మలు చేయువారిని చూచినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. చేతి కొలతలో నున్న వస్తువును మొదటినుండి తుదివరకు ఒక మనిషి తానే చేయగలడు. మా దృష్టిలో ఈ ఆటల ఆకర్షణకు మూలమిదియే.

ఈ పేదరికము తెలుగువారికి మాత్రము ఒకచోట గట్టిగా తగులును. ఆంగ్లాక్షరము ఎనిమిది చుక్కల పలకలో సుఖముగా కూర్చుండును. మన 'స్త్రీ' అను ఒక్క అక్షరమును చూడుడు: సకారము, పైన గుడిదీర్ఘము, క్రింద తకార రకారముల వత్తులు. ఒక్క పలకలో దీనిని ఇరికించినచో చదువువానికి చీమ వలె కనబడును; రెండు పలకల ఎత్తయినను కావలెను. లెక్కయును చూడుడు. 35 హల్లులకు పండ్రెండేసి గుణింతములు కట్టినను 420 అగును; వత్తులు ఇంకను లెక్కకు రాలేదు. నిలుచు పలకలు 384 మాత్రమే! జపానువారికిని ఇట్టి చిక్కే వచ్చినది. వేలకొలది చిత్రాక్షరములు ఇముడక తొలినాటి ఆటలలో వారు ఎక్కువగా కానా అను తమ చిన్న అక్షరమాలతోనే సరిపుచ్చుకొనిరి. మనకట్టి రెండవ లిపి లేదు. ఐనను ఉపాయము కలదు. అక్షరమాల నంతయు యంత్రములో నుంచక, ఆ క్షణమున తెరపైకి రావలసిన వాక్యమును మాత్రము చిత్రముగా గీసి, మరల మరల వచ్చు పలకలను ఒక్కమారే దాచుకొనవలెను. వ్యాపారసంస్థ ఈ శ్రమకు ప్రతిఫలమెంతయని ముందు లెక్కించును. ఇంటివంటవానికి తన చెల్లెలు తెలుగులో చదివి ఆడినచో చాలును.

పేరుపొందిన ఇంటివంటలు రెండు చెప్పుదుము. దైసుకె అమాయ అను జపానీయుడు తీరికవేళల ఐదేండ్లు శ్రమించి కేవ్ స్టోరీ అను ఆటను ఒంటరిగా చేసి 2004లో ఉచితముగా విడిచెను. కథ, బొమ్మలు, సంగీతము అన్నియు ఆయనవే. అది ఇంటి కంప్యూటరుకై చేసినది. అభిమానులు దానిని ఆంగ్లమునకు మార్చిరి, పటములు మార్చు పరికరములు తయారుచేసిరి, చేతియంత్రములపైకి దింపిరి. రెండవది సెలెస్ట్. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అను వారిరువురు 2015లో నాలుగు దినములలో దీని తొలిరూపమును పికో-8పై చేసిరి. పికో-8 చిత్రమైన వస్తువు. అది లోహముతో చేసినది కాదు, కంప్యూటరులో నడచు ఊహాయంత్రము. తెర 128 చుక్కల చదరము, రంగులు 16. ఆడుచు ఆడుచు ఒక మీట నొక్కినచో ఆట వెనుకనున్న వ్రాత, బొమ్మలు, పటము, సంగీతము అన్నియు విప్పుకొని ఎదుట నిలుచును. కొండనెక్కు ఆ పిల్ల ఆట 2018లో పెద్దదిగా వెలువడి లోకప్రసిద్ధి పొందినది. ఐనను నాలుగు దినముల తొలిరూపమును విప్పి క్రొత్త కొండలు కట్టువారు తరువాతను బయలుదేరిరి. దానిని గేమ్ బాయ్ అడ్వాన్స్ అను పాత చేతియంత్రముపైకి తెచ్చినవారును కలరు. ఇంటివంటలన్నియు ఇట్లుండునని భ్రమింపరాదు. చాలవానికి ఉప్పు చాలదు. కొన్ని సగము ఉడికి పొయ్యిమీదనే యున్నవి.

ఇక వివాదాంశము. యంత్రమును కొన్నవాడు దానికి యజమాని యగునా? 2001లో దక్షిణ కొరియాలోని గేమ్‌పార్క్ సంస్థ జీపీ32 అను యంత్రమును తెచ్చినపుడు, ఔత్సాహికులు తామే ఆటలు వ్రాసి నడుపుకొనుటకు ద్వారము తెరచియుంచినది. 2004లో జపానులో వెలువడిన సోనీవారి పీఎస్‌పీ కథ వేరు. తొలి యంత్రములపై ఇంటివంటలు నడచినవి. పిదప సంస్థ సవరణ వెంట సవరణ తెచ్చి తలుపులు మూసినది. ఔత్సాహికులు కిటికీలు వెదకిరి. ఏండ్లపాటు ఈ దాగుడుమూతలు సాగినవి. సంస్థ భయమున కారణము లేకపోలేదు. ఆ కిటికీలగుండ అమ్మకపు ఆటల దొంగప్రతులును దూరినవి. దొంగప్రతిని మేము సమర్థింపము. కాని దొంగ వచ్చునని ఇంటివానిని కూడ బయట నిలుపుట న్యాయమా? మన 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో కలిపి చూచినచో, ఈ భేదమును గుర్తించినది. న్యాయముగా సంపాదించిన ప్రతి నుండి, వ్యాపారము కొరకు గాక సొంత వాడుకకై కంప్యూటరు ప్రోగ్రామును మార్చుకొనుట 52వ సెక్షను ప్రకారము హక్కుభంగము కాదు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షను తాళము పగులగొట్టువానిని శిక్షించును. ఐతే హక్కుభంగము చేయు ఉద్దేశము ఉండవలెను. ఇతరుల ఆటను మార్చి ఊరివారికి పంచుట మాత్రము వేరు సంగతి. దానికి కర్త అనుమతి కావలెను. అందుచేత సూపర్‌టక్స్ అను పెంగ్విను ఆట వలె, మార్చుకొనుడు, పంచుకొనుడు అని ముందే వ్రాసియిచ్చిన వానితో మొదలుపెట్టుట మేలు.

పరవాడలో దీనికి గొప్ప సంభారములు అక్కరలేదు. క్రిస్ మాల్ట్‌బీ 2019లో విడుదల చేసిన జీబీ స్టూడియో అను ఉచిత సాధనము సామాన్యమైన కంప్యూటరుపై నడచును. ప్రోగ్రాము వ్రాయ నేర్వనివారును దానితో అరుగుల ఆట కట్టవచ్చును. గెంతుకు, ఆకర్షణకు సంబంధించిన అంకెలు మార్చుకొనుటకు వీలుగా ఎదుట నుండును. తయారైనదానిని గేమ్ బాయ్‌పై గాని, దానిని అనుకరించు ప్రోగ్రాము పెట్టుకొని సెల్‌ఫోనుపై గాని ఆడవచ్చును. ఆటలు చదువు చెరుపునని శంకించు తల్లిదండ్రులు, పిల్లవాడు ఆడుచున్నాడా, మార్చుచున్నాడా యని ఒకమారు తొంగిచూతురు గాక. మార్చు పిల్లవాడు ఒక్క గెంతును సరిచేయుటకు దానిని నూరుమారులు పరీక్షించి, తానే విసుగెత్తి, అన్నమునకు లేచి వచ్చును.

క్రొత్తగా పూనుకొనువారు పెద్ద పటము గీయ బూనవద్దు. ఒక్క తెర, మూడు అరుగులు, ఒక గోయి చాలును. గెంతు తమకు నచ్చినదాక అంకెలు మార్చి, పిదప ఎన్నడును దానిని చూడని పొరుగింటి పిల్లవాని చేతికియ్యవలెను. సలహా చెప్పక, చేయి పెట్టక, అతడు ఎక్కడ పడుచున్నాడో చూడవలెను. గోయిని ఎనిమిది చుక్కలు తగ్గింపవలెనో పెంపవలెనో అప్పుడు తెలియును.