కీబోర్డుకు గిటార్ పెడల్

మీట నొక్కి పట్టినంతసేపూ చాలా ఆర్గన్ స్వరాలు ఒకే బిగువుతో, ఒకే రంగుతో మోగుతాయి. హార్మోనియం అలా కాదు. ఎడమచేయి గాలి వేసే తీరును బట్టి స్వరం పొంగుతుంది, తగ్గుతుంది. బందరు, గుడివాడ వైపు పద్యనాటకాలు విన్నవారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. నటుడు రాగం తీస్తుంటే హార్మోనియం ఒదిగి ఉండి, అతను ఊపిరి పీల్చుకునే చోట లేస్తుంది. దివిసీమ దాకా చర్చి ఆరాధనల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ ఇప్పుడు కీబోర్డు మామూలైంది. దాని స్వరానికి కదలిక తేవడానికి, గిటార్ వాద్యకారులు ధ్వనిని మార్చేందుకు కాలితో నొక్కే ఎఫెక్ట్స్ పెడల్ బాగా పనికొస్తుంది.

ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1935లో వచ్చిన హామండ్ ఆర్గన్ స్వరం బిగుసుకుపోయినట్టుందని డోనాల్డ్ లెస్లీ గిరగిర తిరిగే స్పీకర్ తయారుచేశాడు. ‘డీప్ పర్పుల్’ బృందంలో జాన్ లార్డ్ తన హామండ్‌ను గిటార్‌కు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కు తగిలించి గరగరలాడించాడు. 1969లో కీబోర్డు వాద్యకారుడు గార్త్ హడ్సన్ క్లావినెట్ అనే మీటల వాద్యాన్ని వా-వా పెడల్ గుండా పంపాడు.

పెడళ్లలో ఫేజర్ కీబోర్డుకు బాగా నప్పుతుంది. వచ్చిన ధ్వనిని రెండు పాయలు చేసి, ఒకదాని దశను జరుపుతూ మళ్లీ కలుపుతుంది. దాంతో కొన్ని పౌనఃపున్యాలు మాయమై, ఆ ఖాళీలు పైకీ కిందికీ పాకుతాయి. ఎలక్ట్రిక్ పియానో మీద నెమ్మదిగా తిరిగే ఫేజర్ నిజంగా అందమైన ధ్వని.

ధ్వనిని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్‌తో జాగ్రత్త కావాలి. సా, పా రెండే పట్టుకుంటే గంభీరంగా ఉంటుంది. గాంధారం కూడా చేరిస్తే స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని బురదవుతుంది. ప్రతిధ్వని ఇచ్చే డిలే విషయంలో రాగమే చూసుకోవాలి. మోహనలో పక్కపక్క అర్ధస్వరాలు లేవు కనుక ప్రతిధ్వని హాయిగా ఇముడుతుంది. మాయామాళవగౌళలో మాత్రం షడ్జమం తోక ఇంకా మోగుతుండగానే శుద్ధ రిషభం వచ్చి పడుతుంది, చెవికి గుచ్చుకుంటుంది.

తగిలించేటప్పుడు, గిటార్ కన్నా కీబోర్డు నుంచి వచ్చే సంకేతం చాలా బలమైనదని గుర్తుంచుకోవాలి. కీబోర్డు వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి, మెల్లగా పెంచాలి. పెడల్‌కు ఒకే దారి ఉంటే ‘మోనో’ అని రాసిన రంధ్రం నుంచే తీగ తీసుకోవాలి. కీబోర్డు అడాప్టర్‌ను పెడల్‌కు గుచ్చకూడదు. పిన్ను సరిపోయినా వోల్టేజీ, ధన రుణ ధ్రువాలు వేరుగా ఉండొచ్చు, పెడల్ కాలిపోవచ్చు.

గమకం పలకదన్న అభ్యంతరం ప్రధాన కారణంగా ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లోగానీ ఆ పట్టు సడలలేదు. కీబోర్డుకూ ఉన్న ఆ లోటును పెడల్ తీర్చదు. కోరస్, వైబ్రేటో స్వరాన్ని ఊపుతాయి కానీ ఆ ఊపు ఒకే లెక్కలో సాగుతుంది. గమకం రాగాన్ని బట్టి పక్క స్వరాన్ని తాకి వస్తుంది. కీబోర్డు మీద దానికి దగ్గరగా వెళ్లాలంటే ఎడమచేతి కింద ఉండే పిచ్ బెండ్ చక్రమే దిక్కు.

ఈసారి ఆర్కెస్ట్రాలో కీబోర్డు విన్నప్పుడు, నిలిపి పట్టిన ఒక్క స్వరాన్ని శ్రోతలు చివరిదాకా వెంబడించాలి. అందులో కదలిక పాట నడకతో కలిసిందంటే ఆ వాద్యకారుడికి పెడల్ వాడడం తెలుసు.